స్పానిష్ కుటుంబంలో మొదటి వారం: చేరిన రాత్రే చెప్పవలసినవి, అడగవలసినవి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇది. మీరు గుంటూరులో డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నారు. సెప్టెంబరు మొదటి వారంలో స్పెయిన్‌లోని సలమాంకా నగరానికి వెళ్లి నాలుగు నెలలు చదువుకోబోతున్నారు. ఆ కార్యక్రమం నిర్వహించేవారు మీకు ఒక స్పానిష్ కుటుంబంలో బస, భోజనం ఏర్పాటు చేశారు. మీరు మాంసం, చేపలే కాక గుడ్డు కూడా తినరు. మీకు వచ్చిన స్పానిష్ ఏ2 స్థాయిది, అంటే ఆరు మెట్లలో రెండోది. మొదటి రోజుల్లో ఎలా మెలగాలని, ఆ ఇంటి బదులు గది అద్దెకు తీసుకుని మనవాళ్లతో కలిసి ఉండటం మేలేమోనని, ఇంటివాళ్లకు ఏం తీసుకువెళ్లాలని అడిగారు.

సూటిగా చెబుతాను: కుటుంబంలోనే ఉండండి. మొదటి వారంలో మీరు చేయవలసిన ముఖ్యమైన పనులు మూడే. చేరిన రాత్రే మీ తిండి సంగతి పదార్థాల పేర్లతో సహా చెప్పండి. ఆ ఇంటి వేళలు అడిగి తెలుసుకోండి. భోజనం వేళకు తప్పకుండా బల్ల దగ్గర కూర్చోండి. మిగిలినవన్నీ వీటి వెనకాలే సర్దుకుంటాయి. నేను చదువుకునే రోజుల్లో సలమాంకాలో ఇలాంటి ఇంట్లోనే ఉన్నాను. ఇప్పుడు హైదరాబాదులో స్పానిష్ బోధిస్తూ, అక్కడికి వెళ్లే పిల్లలను సిద్ధం చేస్తుంటాను. మొదటి వారంలో ఏడుస్తూ ఫోను చేసేవాళ్లలో ఎక్కువమంది కష్టానికి మూలం ఒకటే, మన మొహమాటం. ‘కొత్తచోటు, పెద్దావిడ, ఏమనుకుంటారో’ అని నోరు మూసుకుని కూర్చుంటారు. ఆ మౌనాన్ని ఇంటివాళ్లు మర్యాద కింద జమ కట్టరు. ఈ పిల్లకు మా ఇల్లు నచ్చలేదనుకుంటారు.

ముందుగా ఆ ఇంటికీ మీకూ ఉన్న సంబంధం ఏమిటో తెలుసుకోవాలి. సలమాంకా విశ్వవిద్యాలయం 1218లో ఏర్పడింది, స్పెయిన్‌లో ఇప్పటికీ నడుస్తున్నవాటిలో అదే పాతది. స్పానిష్ నేర్చుకోవడానికి లోకం నలుమూలల నుంచి విద్యార్థులు అక్కడికి వస్తారు. అందువల్ల విద్యార్థులను ఇంట్లో పెట్టుకోవడం ఆ ఊళ్లో పాత అలవాటు. సాధారణంగా పిల్లలు పెద్దవాళ్లై ఉద్యోగాలకు వెళ్లిపోయిన ఇంట్లో, యాభై అరవై ఏళ్ల ఇల్లాలు ఖాళీగా ఉన్న గదిని ఇస్తుంది. అందుకు ఆమెకు డబ్బు ముడుతుంది, ఇందులో దాచవలసిందీ నొచ్చుకోవలసిందీ ఏమీ లేదు. మీరు చుట్టం కారు కాబట్టి రోజూ మర్యాదలు జరగవు. అది హోటలు కాదు కాబట్టి వేళాపాళా లేకుండా వచ్చిపోవడం కుదరదు. డబ్బు తీసుకుంటున్నారు కాబట్టి మీకు సరిపడే తిండి పెట్టడం వాళ్ల బాధ్యత, మీకు ఏది సరిపడదో చెప్పడం మీ బాధ్యత.

ఇక తిండి. మీరు దరఖాస్తులో ‘శాకాహారి’ అని రాసే ఉంటారు. అది చాలదు. స్పెయిన్‌లో చాలా ఇళ్లలో శాకాహారి అంటే మాంసం ముక్క తినని మనిషి అని మాత్రమే లెక్క. చేప, ట్యూనా, గుడ్డు, కూరలో రుచికి వేసిన పంది తొడ మాంసం ముక్కలు ఆ లెక్కలోకి రాకపోవచ్చు. బయట ‘వెహెతాల్’ (కూరగాయలది) అనే పేరుతో అమ్మే శాండ్‌విచ్‌లో ట్యూనా, గుడ్డు ఉండటం మామూలే. మిశ్రమ సలాడ్ అడిగినా పైన ట్యూనా వేసి తెస్తారు. ఇది మోసం కాదు, వాళ్ల వాడుక అంతే.

నా విద్యార్థినుల్లో కాకినాడ అమ్మాయి ఒకతె మీలాగే గుడ్డు తినదు. దరఖాస్తులో శాకాహారినని మాత్రమే రాసింది. ఇంటావిడ ఎంతో శ్రద్ధగా, మాంసం లేని వంట కదా అని, మొదటి రాత్రి బంగాళాదుంపలూ ఉల్లిపాయలూ ఆలివ్ నూనెలో మగ్గించి, కొట్టిన గుడ్లలో కలిపి, రెండు వైపులా కాల్చి ‘తోర్తియా’ చేసి పెట్టింది. ఈ అమ్మాయి కడుపు నిండిందని చెప్పి రొట్టె, ఆపిల్ పండు తిని లేచింది. ఇంత చిన్న తిండి తినే పిల్ల ఏమిటని ఆవిడ మర్నాడు ఇంకా పెద్ద తోర్తియా చేసింది. అలా వారం గడిచాక అమ్మాయి ఇంటికి ఫోను చేసి ఏడిస్తే వాళ్లమ్మ నాకు చేశారు. నేను చెప్పించాక ఇంటావిడ నిజంగానే నొచ్చుకుంది. గుడ్డు తిననందుకు కాదు, వారం రోజులు తన బల్ల దగ్గర కూర్చుని కూడా ఆ మాట చెప్పనందుకు. ఆ రాత్రి నుంచే వంట మారింది.

అందువల్ల ఈ రెండు వాక్యాలు ఇప్పుడే బట్టీ పట్టండి, కాగితం మీద రాసి కూడా ఆవిడ చేతికివ్వండి: ‘నో కోమో కార్నె, నీ హమోన్, నీ పెస్కాదో, నీ అతూన్, నీ వేవో. లేచె, కేసో, యోగూర్, సీ.’ మాంసం, పంది తొడ మాంసం, చేప, ట్యూనా, గుడ్డు తిననని, పాలు, చీజ్, పెరుగు తింటానని అర్థం. ఇంకో మాట కూడా చేర్చాలి. మాంసం ఉడికించిన నీళ్లను వాళ్లు ‘కాల్దో’ అంటారు. చాలా సూపులకు, కొన్ని ఇళ్లలో పప్పులకు కూడా అదే ఆధారం. అది కూడా వద్దని విడిగా చెప్పకపోతే, ముక్కలు తీసేసి పెడితే సరిపోతుందనుకుంటారు.

తినననే జాబితా ఇచ్చి ఊరుకోకండి, తినేవి కూడా చెప్పండి. లేకపోతే ఆవిడకు ఏం వండాలో తోచక రోజూ సలాడే వస్తుంది. అదృష్టవశాత్తు మీరు వెళ్తున్నది పప్పుల సీమకు. సలమాంకాకు ఉత్తరాన ఉన్న లా అర్మూన్యా ప్రాంతపు మసూర పప్పు స్పెయిన్ అంతటా పేరున్నది, పెద్ద గింజ, లేతాకుపచ్చ రంగు. పెద్రొసీయో అనే ఊరి పేరు మీద పిలిచే చిన్న శనగలు కూడా అక్కడివే. ఆ పప్పును క్యారెట్, ఉల్లి, వెల్లుల్లి, బిర్యానీ ఆకు, కారం లేని ఎర్ర మిరపపొడితో చిక్కగా ఉడికిస్తారు. చిక్కల్లా అందులో వేసే చొరీథో అనే పంది మాంసపు సాసేజ్‌తోనే. ‘లెంతెహాస్ సిన్ చొరీథో’ (చొరీథో లేని మసూర పప్పు) అని అడిగి, మీ వాటా వేరే గిన్నెలో ఉడికించమనండి. మిరపపొడి పడిన ఆ పప్పులో ఒక చెంచా ఆలివ్ నూనె వేసుకుని రొట్టెతో తిన్న మావాళ్లు ముద్దపప్పు మీద బెంగ కొంత తీరిందని చెబుతుంటారు. ఆ ఊరి మరో వంట ‘పతాతాస్ మెనేయాస్’, ఎర్ర మిరపపొడితో మెదిపిన బంగాళాదుంప. చూడటానికి మన ఉర్లగడ్డ కూరలాగే ఉంటుంది కాని పంది కొవ్వుతో చేసి, పైన వేయించిన పంది ముక్కలు చల్లుతారు. అడగకుండా నోట్లో పెట్టుకోకండి.

మధ్యాహ్న భోజనంలో రెండు వరుసలు వస్తాయి. మొదటిది పప్పు, సూపు, కూరగాయలు, పాస్తా వంటిది. రెండోది మాంసమో చేపో. ఆ తర్వాత పండు లేదా పెరుగు. మీకోసం రెండో వరుసలో ప్రత్యేకంగా ఏదో వండమని అడగడం కన్నా, మొదటి వరుసలో పెట్టిందే రెండింతలు పెట్టమనడం ఆవిడకు సులువు, మీకు కడుపు నిండుతుంది. సూపర్‌మార్కెట్లలో చక్కెర లేని పెరుగు చిన్న కప్పుల్లో దొరుకుతుంది. అది ఫ్రిజ్‌లో ఉండేలా చూడమంటే ఎవరూ కాదనరు. అన్నం వారానికి ఒకసారో రెండుసార్లో వస్తుంది, రోజూ ఆశించకండి. మీరు మరీ నిష్ఠగా ఉండేవారైతే, చాలా చీజ్‌లను జంతువుల కడుపు నుంచి తీసిన పదార్థంతో తోడు వేస్తారని, క్రిస్మస్ ముందు వచ్చే మంతెకాదో, పొల్వొరోన్ అనే మిఠాయిల్లో పంది కొవ్వు ఉంటుందని తెలుసుకుని వెళ్లండి. ఎంతవరకు పాటించాలో మీ నిర్ణయం. కాని ఆ నిర్ణయం ఇక్కడే చేసుకుని వెళ్లడం మంచిది, బల్ల దగ్గర రోజుకొక మాట చెబితే ఇంటివాళ్లు అయోమయంలో పడతారు.

వేళల సంగతి తిండి కన్నా పిల్లలను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. పొద్దున 8 గంటలకు కాఫీ, బిస్కెట్లు లేదా ఆలివ్ నూనె రాసిన కాల్చిన రొట్టె మాత్రమే ఉంటాయి. ఇడ్లీలు తిని కాలేజీకి వెళ్లిన ప్రాణానికి అది ఏ మూలకూ చాలదు. మధ్యాహ్న భోజనం రెండున్నరకు, ఒక్కోసారి మూడింటికి. రాత్రి భోజనం తొమ్మిదిన్నర దాటాకే. ఇది సోమరితనమని మనవాళ్లలో కొందరు తేల్చేస్తారు కాని దీని వెనక గడియారం కథ ఉంది. స్పెయిన్ భూగోళం మీద దాదాపుగా బ్రిటన్ రేఖాంశంలోనే ఉన్నా, 1940లో నియంత ఫ్రాంకో ప్రభుత్వం గడియారాలను ఒక గంట ముందుకు జరిపి జర్మనీ సమయంతో కలిపింది, తిరిగి వెనక్కి తేలేదు. వేసవిలో గడియారాలను ఇంకో గంట ముందుకు జరుపుతారు. అందువల్ల సెప్టెంబరులో సలమాంకాలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికే గడియారం 2 దాటుతుంది. వాళ్లు తినేది నిజానికి మిట్టమధ్యాహ్నమే. ఈ లెక్క తెలిస్తే ఆకలి తగ్గదు కాని విసుగు తగ్గుతుంది.

ఆకలికి మందు వేరే ఉంది. పదకొండు గంటలకు తరగతుల మధ్య విరామంలో ఊరంతా ఏదో ఒకటి తింటుంది, మీరూ తినండి. బ్యాగులో వేరుశనగలో అరటిపండో పెట్టుకోండి. సాయంత్రం ఆరింటికి ఇంకొకసారి చిరుతిండి వాళ్లకూ అలవాటే. ఆ ఇంటి కచ్చితమైన వేళలు మాత్రం ఊహించకుండా అడగండి: ‘ఆ కె ఓరా సె కోమె?’ అంటే మధ్యాహ్నం భోజనం ఎన్నింటికని, ‘ఆ కె ఓరా సె థేనా?’ అంటే రాత్రి భోజనం ఎన్నింటికని.

ఇంటికి ఫోను చేసే వేళ కూడా ముందే అనుకోండి. సెప్టెంబరులో మన సమయం వాళ్లకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. అక్టోబరు చివరి ఆదివారం వాళ్ల గడియారాలు వెనక్కి జరిగాక తేడా నాలుగున్నర గంటలవుతుంది. మన ఇళ్లలో సాయంత్రం ఆరూ ఆరున్నరకు తీరిక దొరికి అమ్మానాన్నలు వీడియో కాల్ చేస్తారు. అక్కడ అప్పుడు సరిగ్గా భోజనం బల్ల మీద ఉంటుంది. అన్నం దగ్గర ఫోనెత్తి మరో భాషలో మాట్లాడుతూ కూర్చోవడం ఏ ఇంట్లోనూ బాగుండదు. అక్కడి సాయంత్రం ఐదింటికి చేస్తే ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర, ఇద్దరికీ వీలు.

భోజనానికి రాలేకపోతే మధ్యాహ్నంలోగా చెప్పండి. ‘ఓయ్ నో థేనో ఎన్ కాసా’ (ఇవాళ రాత్రి ఇంట్లో భోంచేయను) అని వాట్సాప్‌లో ఒక్క వాక్యం పంపితే చాలు. వరంగల్ నుంచి వెళ్లిన ఒక అబ్బాయి స్నేహితులతో ఊరి ప్రధాన కూడలి ప్లాథా మయోర్‌లో కూర్చుని, బయటే ఏదో తిని, అర్ధరాత్రి ఇల్లు చేరేవాడు. రాత్రి ఆలస్యంగా రావడం మీద ఇంటావిడకు పెద్ద అభ్యంతరం లేదు, అక్కడ అది మామూలే. కాని ప్రతిసారీ అతని పళ్లెం మీద ఇంకో పళ్లెం బోర్లించి ఎదురుచూసేది. చివరికి ఆవిడ నిర్వాహకులకు ఫిర్యాదు చేసింది. అతనికి ఎంతకూ అర్థం కాలేదు, ‘నేను తినకపోతే ఆమెకు ఖర్చు మిగిలేది కదా’ అని నాతో వాదించాడు. ఖర్చు మాటకొస్తే వంట అప్పటికే అయిపోయి ఉంటుంది.

బల్ల దగ్గర మీ భాష కూడా బాగుపడుతుంది. తినడం అయిపోగానే లేచిపోకండి. పళ్లెంలో పండు తొక్కలు అలాగే ఉండగా, కాఫీ తాగుతూ అరగంట, గంట మాట్లాడుకుంటూ కూర్చోవడం వాళ్లకు భోజనంలో భాగమే. మూడు గంటల టీవీ వార్తలు కూడా అప్పుడే నడుస్తుంటాయి. మొదటి రోజుల్లో మీకు పదిలో రెండు మాటలు అర్థమవుతాయి, అయినా కూర్చోండి. అందరూ ఒకేసారి, గట్టిగా, ఒకరి మాట మీద ఒకరు మాట్లాడతారు. పోట్లాడుకుంటున్నారేమోనని మన పిల్లలు బిగుసుకుపోతారు. సాధారణంగా ఆ గొడవంతా ఫుట్‌బాల్ గురించో, ఆదివారం ఏం వండాలన్నదాని గురించో అయి ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. మనం ‘అలాగే, సరే’ అనడానికి తలను అటూ ఇటూ ఊపుతాం. స్పెయిన్‌లో అది వద్దన్నట్టో, తేల్చుకోలేనట్టో కనిపిస్తుంది. ఇంకొంచెం వడ్డించనా అని ఆవిడ అడిగినప్పుడు మీరు తల అలా ఊపితే గరిటె వెనక్కి పోతుంది. కాబట్టి నోటితో ‘సీ’ అనో ‘నో, గ్రాథియాస్’ అనో చెప్పండి. ఒకసారి వద్దంటే మనలాగే వాళ్లూ బలవంతం చేస్తారు, చిరునవ్వుతో రెండోసారి వద్దంటే వదిలేస్తారు. చేతులు ఒడిలో పెట్టుకోకుండా మణికట్లు బల్ల అంచున ఆనించి కూర్చోవడం అక్కడి పద్ధతి. రొట్టెను బల్లగుడ్డ మీదే పెడతారు, దానికి పళ్లెం వెతకకండి.

పలకరింపుకు వస్తే, గుమ్మంలోనే ఆవిడ మీ రెండు చెంపలకు తన చెంపలు తాకించి ముద్దు చప్పుడు చేయవచ్చు. ఆడవాళ్లు అందరితోనూ అలా చేస్తారు, మగవాళ్లు తమలో తాము చేతులు కలుపుతారు. మీకు ఇబ్బందిగా ఉంటే ముందుగానే చెయ్యి చాచండి, ఎవరూ తప్పు పట్టరు. ఆవిడను పేరు పెట్టి, ‘తూ’ అనే ఏకవచనంతో పిలవాలి. మన నోటికి ఇది అంత తేలిగ్గా రాదు. ఆంటీ అనో మేడమ్ అనో పిలిచేవాళ్లను చూశాను, వాళ్లు మనసులో గౌరవంతో అన్నా ఆవిడకు దూరం పెట్టినట్టే ఉంటుంది. ఇంట్లో ఎనభై దాటిన అమ్మమ్మగారు ఉంటే మాత్రం ఆమెను ‘ఉస్తెద్’ అనే మర్యాద మాటతో మొదలుపెట్టి, ఆమె వద్దన్నాక మానండి. మీ పేరు వాళ్ల నోట్లో మారిపోతుంది. విజయ్ ‘బిహాయ్’ అవుతాడు, హర్ష ‘అర్సా’ అవుతుంది. రెండుసార్లు సరిదిద్ది, ఆ తర్వాత పలకండి.

స్నానాల గది గురించి కొంచెం వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే ఇంటివాళ్ల ఫిర్యాదుల్లో ఎక్కువ అక్కడి నుంచే వస్తాయి. ఆ గదిలో నేల మీద నీళ్లు పోయే తూము ఉండదు. స్నానపు తొట్టిలోనో, గాజు తలుపు ఉన్న చిన్న చదరంలోనో మాత్రమే నీళ్లు పడాలి. తెర ఉంటే దాని అంచు తొట్టి లోపలికి వేలాడాలి, బయటికి వేలాడితే నీళ్లన్నీ నేల మీదకే. మన అలవాటున బకెట్, చెంబు పెట్టుకుని తలంటుకున్న ఒకమ్మాయి వల్ల నీళ్లు పలకల సందుల్లోంచి దిగి కింది అంతస్తు వాళ్ల పైకప్పు మీద మరక తేలింది. ఇంటి బీమా కంపెనీ మనిషి వచ్చి చూసుకునేదాకా వెళ్లింది వ్యవహారం. మరుగుదొడ్డి పక్కన నీళ్ల పైపు ఉండదు. పాత ఇళ్లలో పక్కనే బిడే అనే చిన్న తొట్టి ఉంటుంది, అది కడుక్కోవడానికే. లేకపోతే ఒక సీసా వాడుకుని, పడిన చుక్కలు తుడిచేయండి. తుడవడానికి పొడుగు కర్రకు దారాల కుచ్చు ఉండే ‘ఫ్రెగోనా’ ప్రతి ఇంట్లో ఉంటుంది. దాన్ని 1956లో థరగోథా నగరంలో మాన్యుయెల్ హలోన్ అనే ఇంజినీరు వాడుకలోకి తెచ్చారని ఆ దేశం వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. అది ఎక్కడ ఉందో మొదటి రోజే చూపించమనండి, అడిగినందుకే ఆవిడ మీ మీద మంచి అభిప్రాయం పెంచుకుంటుంది.

పొడుగు జుట్టు ఉన్నవాళ్లు ప్రతి స్నానం తర్వాత జాలీలో చిక్కిన వెంట్రుకలు తీసి చెత్తబుట్టలో వేయాలి. కొబ్బరినూనె తలతో దిండు మీద పడుకోకండి, దుప్పట్లు ఉతికేది ఆవిడ. నీళ్లు కాచే పద్ధతి కూడా అడగండి. పాత ఇళ్లలో నారింజ రంగు బ్యుటేన్ సిలిండరుతో కాచుకుంటారు, ఒక్కోదానిలో 12.5 కిలోల గ్యాసు ఉంటుంది, అయిపోతే మోసుకొచ్చి మార్చాలి. అరగంట వేడి నీళ్ల కింద నిలబడేవాళ్లంటే ఇంటావిడకు ఎందుకు మంటో దీన్నిబట్టి తెలుస్తుంది. బట్టలు వారానికి ఒకసారి ఆవిడ యంత్రంలో వేస్తుంది. గదిలో చేత్తో ఉతికి కుర్చీల మీద ఆరేయకండి.

చెప్పులు గుమ్మంలో విడిచి వట్టికాళ్లతో ఇంట్లోకి నడవడం మనకు శుభ్రత, వాళ్లకు జబ్బు తెచ్చుకునే లక్షణం. ఇంట్లో వేసుకోవడానికి మెత్తటి చెప్పులు ఒక జత తీసుకెళ్లండి, లేదా అక్కడే కొనుక్కోండి. సలమాంకా సముద్రమట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తున ఉంది. నవంబరు వచ్చేసరికి చలి కరుస్తుంది, ఆ పలకల నేల మీద మీరే చెప్పులు వెతుక్కుంటారు. గది వేడిచేసే పద్ధతి చాలా భవనాల్లో అందరికీ కలిపి, నిర్ణీత గంటల్లోనే నడుస్తుంది. రాత్రి ఆగిపోతే పాడైందనుకోకండి, ఇంకో దుప్పటి అడగండి.

తాళంచెవుల సంగతి ఒక్క మాటలో: లోపలి వైపు తాళంచెవి వదిలేస్తే చాలా తలుపులు బయటి నుంచి తెరుచుకోవు. రాత్రి లోపల తాళం వేసుకున్నాక చెవి తీసేయండి, లేకపోతే ఆలస్యంగా వచ్చే ఇంటివాళ్లు బయటే నిలబడతారు. మీ గదిలో అగరుబత్తి, దీపం వెలిగించాలనుకుంటే అడిగి వెలిగించండి. స్నేహితులను గదికి తీసుకురావడానికీ ముందు అడగాలి.

కాగితాల విషయం మీకు పెద్దగా లేదు. ఆరు నెలలు మించి ఉండేవాళ్లు దేశంలో అడుగుపెట్టిన నెలలోపు విదేశీయుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేయాలి. మీ నాలుగు నెలల వీసాతో ఆ అవసరం రాదు. ఒకటే హెచ్చరిక, స్పెయిన్‌లో అందరికీ తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు అని రెండు ఉంటాయి. ఫారాల్లో రెండో ఇంటిపేరు గడి కనబడితే కంగారుపడి అమ్మగారి ఇంటిపేరు రాయకండి. పాస్‌పోర్టులో ఏముందో అదే, అన్నిచోట్లా ఒకేలా రాయండి. అత్యవసరమైతే 112 నంబరుకు ఫోను చేయాలి. సెప్టెంబరు 8న సలమాంకా నగర రక్షకురాలిగా కొలిచే మేరీమాత పండుగ, ఆ రోజు కార్యాలయాలు, చాలా దుకాణాలు మూసి ఉంటాయి. ఆదివారాలు కూడా అంతే. సబ్బు, సిమ్ కార్డు వంటివి ఆ లెక్క చూసుకుని కొనండి.

గది అద్దెకు తీసుకోవడం గురించి అడిగారు. ఏడాదికి మించి ఉండే మాస్టర్స్ విద్యార్థికైతే నేనే గది తీసుకోమంటాను, అది చవక, స్వేచ్ఛ ఎక్కువ. నాలుగు నెలలకు భాష కోసం వెళ్లే మీకు అది పనికిరాదు. మనవాళ్లతో ఉంటే వంట సుఖంగా ఉంటుంది, సందేహం లేదు. కాని డిసెంబరులో తిరిగి వచ్చేటప్పుడు మీ స్పానిష్ ఏ2 దగ్గరే ఉంటుంది. ఏ2 స్థాయి వాళ్లకు తరగతి గదిలో వచ్చే లాభం కన్నా, ఇంటావిడ విసుక్కుంటూ ఒకే మాటను మూడు రకాలుగా చెప్పడం వల్ల వచ్చే లాభమే ఎక్కువని నా అనుభవం.

అలాగని ఏ ఇంట్లోనైనా పడి ఉండమనడం లేదు. ఇల్లు మార్చమని అడగడానికి సరైన కారణాలు ఉన్నాయి: ఒప్పుకున్న భోజనాలు పెట్టకపోవడం, చెప్పాక కూడా మాంసం తగిలిన వంటే పెట్టడం, చలికాలంలో గదికి వేడి లేకపోవడం, మీ గదిలోకి అనుమతి లేకుండా రావడం, ఇంట్లో ఎవరి ప్రవర్తనైనా మీకు భయం కలిగించడం. చివరిదైతే ఒక్క రోజు కూడా ఆగకండి, ఆ గంటలోనే నిర్వాహకులకు ఫోను చేసి బయటికి వచ్చేయండి. తక్కినవైతే ముందు ఇంటావిడతో, ఆ తర్వాత వసతి చూసే వారితో, తేదీలు రాసిపెట్టుకుని మాట్లాడండి. తిండి చప్పగా ఉందని, ఆవిడ గట్టిగా మాట్లాడుతుందని, వైఫై నెమ్మదిగా ఉందని ఇల్లు మారినవాళ్లు రెండో ఇంట్లోనూ అవే చూశారు.

కానుక విషయానికి వస్తే, నెయ్యి, పాలకోవా తీసుకెళ్లకండి. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేవడం నిషిద్ధం. పచ్చి కరివేపాకు కూడా ధ్రువపత్రం లేకుండా కుదరదు. మంగళగిరి నూలు కండువా, చిన్న కొండపల్లి బొమ్మ బాగుంటాయి. వీటికన్నా బాగా పనికొచ్చేది చికోరీ కలపని అరకు కాఫీ పొడి అర కిలో. దాదాపు ప్రతి ఇంట్లో పొయ్యి మీద పెట్టే ఇటాలియన్ కాఫీ పాత్ర ఉంటుంది. అక్కడి దుకాణాల్లో చక్కెరతో మాడ్చిన గింజలు కలిపిన పొడి ఇంకా అమ్ముతుంటారు, దానికి అలవాటు పడిన నాలుకకు అరకు పొడి తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది. ఆవకాయ సీసా మీ కోసం తీసుకెళ్లండి కాని రెండు సంచుల్లో మూసి మీ అల్మరాలో పెట్టుకోండి, ఫ్రిజ్‌లో ఆ నూనె వాసన వాళ్ల చీజ్‌కు పడుతుంది.

మన వంట చేసి పెడతానని మొదటి వారంలోనే ముందుకు రాకండి. వంటిల్లు ఆవిడది. రెండు మూడు వారాలు గడిచాక, ఆవిడే మీ ఇంట్లో ఏం తింటారని అడిగినప్పుడు, ఒక ఆదివారం నిమ్మకాయ పులిహోర చేస్తానని చెప్పండి. పసుపు తెల్లటి వంటబల్ల మీద పడితే పోదు, కింద ఏదైనా పరిచి కలపండి. పోపు పెట్టేముందు వంటింటి కిటికీ తెరిచి, హాలు వైపు తలుపు మూయండి. ఎండుమిర్చి ఘాటుకు అలవాటు లేని ఇల్లది, ఒక్క కాయ చాలు, అదీ ముక్కలు చేయకుండా.